ఇంటికీ ఆశ్రమానికీ మధ్య: వృద్ధుల సంరక్షణలో తక్కువ ఖర్చు మార్గాలు

వృద్ధుల సంరక్షణ అనే ఒక్క మాట కింద నాలుగు వేర్వేరు పనులు ఉన్నాయి. స్నానం, బట్టలు, మలమూత్రాలు, భోజనం వంటి శరీరావసరాలకు చేయి అందించడం మొదటిది. మందులు వేళకు ఇవ్వడం, పుండ్లకు కట్టు కట్టడం, ఫిజియోథెరపీ వంటి వైద్యావసరాలు రెండోది. వంట, సరుకులు, బ్యాంకు, ఆసుపత్రి ప్రయాణం వంటి ఇంటా బయటా పనులు మూడోది. పక్కన కూర్చుని మాట్లాడటం, రాత్రి లేచినప్పుడు కనిపెట్టుకుని ఉండటం నాలుగోది. సంప్రదాయంగా ఉన్న ఏర్పాట్లు రెండే. నాలుగు పనులనూ కుటుంబమే, అందులోనూ ఇంటి ఆడవాళ్లే, మోయడం ఒకటి. నాలుగింటినీ మూటగట్టి వృద్ధాశ్రమానికో నర్సింగ్ హోమ్‌కో అప్పగించడం రెండోది. వివిధ దేశాల్లో నిలదొక్కుకున్న తక్కువ ఖర్చు పద్ధతులు చాలావరకు ఈ మూటను విప్పి, ఒక్కో పనిని దానికి తగిన మనిషికి పంచడంలోంచి పుట్టినవే.

సమస్య పరిమాణం

2011 జనాభా లెక్కల ప్రకారం భారతదేశంలో 60 ఏళ్లు దాటినవారు సుమారు 10 కోట్ల 38 లక్షల మంది, అంటే జనాభాలో 8.6 శాతం. ఐక్యరాజ్యసమితి జనాభా నిధి, ముంబైలోని అంతర్జాతీయ జనాభా శాస్త్రాల సంస్థ కలిసి 2023లో వెలువరించిన నివేదిక, 2050 నాటికి ఈ వాటా 20 శాతం దాటుతుందని అంచనా వేసింది. ఈ మార్పులో దక్షిణాది ముందుంది. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒక్కో స్త్రీకి పుట్టే పిల్లల సగటు ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8గా తేలింది. జనాభా తగ్గకుండా నిలవాలంటే అది 2.1 ఉండాలి. నలుగురు కొడుకులున్న ఇంట్లో తల్లిదండ్రులను నెలకొకరి చొప్పున వంతులు వేసుకునేవారు. ఆ వంతుల్లో పెద్దలు పడే అవమానం అలా ఉంచితే, భారమైనా నలుగురికి పంచుకుపోయేది. ఒక్కరో ఇద్దరో పిల్లలుండి, వారూ బెంగళూరులోనో డాలస్‌లోనో స్థిరపడిన ఇంట్లో వంతు వేయడానికి మనుషులే లేరు.

2017–18లో దేశవ్యాప్తంగా 45 ఏళ్లు దాటిన 72 వేల మందికి పైగా వ్యక్తులతో జరిగిన వార్ధక్య అధ్యయనం ‘లాసీ’ ఈ అవసరం స్వరూపాన్ని స్పష్టంగా చూపింది. 60 దాటినవారిలో 24 శాతం మందికి స్నానం, నడక, మరుగుదొడ్డి వంటి రోజువారీ పనుల్లో కనీసం ఒకదానిలో ఇబ్బంది ఉంది. వంట, డబ్బు లెక్కలు, మందులు, కొనుగోళ్ల వంటి పనుల్లో ఒకదానిలోనైనా ఇబ్బంది ఉన్నవారు 48 శాతం. ఇదే అధ్యయనానికి అనుబంధంగా జరిగిన పరిశీలన, 60 దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి, డిమెన్షియా ఉన్నట్టు అంచనా కట్టింది. ఈ అంకెల సారం ఒకటే: ఎక్కువ మందికి కావలసింది పూర్తికాలపు నర్సు కాదు, వారంలో కొన్ని గంటల నమ్మకమైన సాయం. పగలూ రాత్రీ మనిషి తోడు లేకపోతే గడవని వారి సంఖ్య అంతకంటే చిన్నది.

ఖర్చు ఎక్కడ పుడుతుంది

సంరక్షణ ఖర్చులో మూడు పద్దులు ఉంటాయి. మొదటిది చోటు: గది, భవనం, కరెంటు, వంటశాల. రెండోది మనిషి గంటలు. మూడోది లెక్కలోకి రాని చాకిరీ. ఆశ్రమాలు, నర్సింగ్ హోమ్‌లు మొదటి రెండు పద్దుల వల్ల ఖరీదవుతాయి. సొంత ఇల్లున్న మనిషికి మరో గది అద్దెకు తీసుకున్నట్టు అవుతుంది. ఇరవైనాలుగు గంటలూ సిబ్బందిని నిలపాల్సి వస్తుంది. ఏజెన్సీ ద్వారా ఇంట్లో అటెండెంట్‌ను పెట్టుకున్నా రెండో పద్దు తగ్గదు. నిజమైన పని రోజుకు మూడు నాలుగు గంటలే ఉన్నా పన్నెండు గంటలకో, పూర్తి రోజుకో జీతం ఇవ్వాలి. నెలనెలా వచ్చే సామాజిక పింఛను మీద గడిచే ఇంటికి అది అందని మాట.

కుటుంబమే చూసుకుంటే ఖర్చు ఉండదన్న నమ్మకం మూడో పద్దును మరుగుపరుస్తుంది. కోడలో కూతురో కూలి మానుకుంటుంది, ఉద్యోగం వదులుకుంటుంది. బరువెత్తడం తెలియక నడుం పోగొట్టుకుంటుంది. పక్క మార్చడం తెలియని చోట పడక పుండ్లు పడతాయి, అవి ముదిరి ఆసుపత్రి పాలు చేస్తాయి. ఒక ప్రత్యామ్నాయం నిజంగా చవకో కాదో చూడాలంటే మూడు పద్దులనూ కలిపి చూడాలి. రెండో పద్దు నుంచి తీసి మూడో పద్దులో వేస్తే అది పొదుపు కాదు, ఖర్చును ఒక ఆడమనిషి భుజాల మీదికి నెట్టడం.

అవసరాన్నే తగ్గించే చర్యలు

అన్నిటికంటే తక్కువ ఖర్చయ్యేది, మనిషి మంచాన పడకుండా చూడటం. చూపు, వినికిడి, పళ్లు, కాళ్లు సరిగా ఉన్నంతకాలం మనిషి తన పనులు తానే చేసుకోగలుగుతాడు. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థ ఆ ప్రాంతపు వృద్ధాశ్రమాల్లో జరిపిన అధ్యయనంలో దాదాపు 30 శాతం మందికి చూపు లోపం కనిపించింది. అందులో ఎక్కువ భాగానికి కారణాలు రెండే: ఆపరేషన్ చేయని శుక్లాలు, సరైన కళ్లద్దాలు లేకపోవడం. రెండూ ఒకసారి ఖర్చుతో తీరేవి. తీర్చకపోతే ఆ మనిషికి ఏళ్ల తరబడి మరొకరి చేయి కావాలి.

రాష్ట్రీయ వయోశ్రీ యోజన ఈ ఆలోచన మీదే నడుస్తుంది. 2017 ఏప్రిల్‌లో నెల్లూరులో మొదలైన ఈ కేంద్ర పథకం కింద పేద వృద్ధులకు చేతికర్రలు, వాకర్లు, వినికిడి యంత్రాలు, కట్టుడు పళ్లు, కళ్లద్దాలు, చక్రాల కుర్చీలు ఉచితంగా ఇస్తారు. పరికరం ఇవ్వడంతో పాటు దాన్ని వాడటం నేర్పితేనే ఫలితం ఉంటుంది. అలవాటు చేయని వినికిడి యంత్రం బీరువాలోనే ఉండిపోతుంది.

ఇంటిని సరిచేయడం మరో మార్గం. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో నర్సింగ్ పరిశోధకురాలు సారా జాంటన్ రూపొందించిన ‘కేపబుల్’ పద్ధతిలో ఒక ఆక్యుపేషనల్ థెరపిస్టు, ఒక నర్సు, ఒక మరమ్మతు పనివాడు కొన్ని నెలల పాటు ఇంటికి వస్తారు. ఏ పని సొంతంగా చేసుకోవాలని ఉందో ముందు వృద్ధులనే అడుగుతారు. తరవాత పట్టుకోవడానికి కమ్మీ బిగించడం, మెట్టు సరిచేయడం, దీపం పెట్టడం వంటివి చేస్తారు. మొత్తం ఖర్చు మనిషికి సుమారు 3,000 డాలర్లు. పాల్గొన్నవారికి రోజువారీ పనుల్లో ఇబ్బందులు గణనీయంగా తగ్గాయి. ఆంధ్ర, తెలంగాణ ఇళ్లలో ఈ పనులు మరీ చవక. జారని బండలు, స్నానాల గదిలో కమ్మీ, నేల మీది దొడ్డికి బదులు కుర్చీ దొడ్డి, మంచం నుంచి అక్కడిదాకా రాత్రి దీపం. ఇవన్నీ ఊరి తాపీమేస్త్రీ, ఎలక్ట్రీషియన్ రెండు రోజుల్లో చేసేవే. తుంటి ఎముక విరిగితే అయ్యే ఆపరేషన్ ఖర్చుతో పోలిస్తే ఇది చాలా స్వల్పం.

ఇంటికి వచ్చే సేవ

వైద్యావసరాలున్న వృద్ధులను ఆసుపత్రికి తిప్పే బదులు, శిక్షణ పొందిన మనిషే ఇంటికి వెళ్లే పద్ధతికి భారతదేశంలో అత్యంత బలమైన ఉదాహరణ కేరళ. 1993లో కోళికోడ్‌లో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేశ్ కుమార్ తదితరులు నొప్పి నివారణ, పాలియేటివ్ (నయంకాని వ్యాధుల్లో బాధ తగ్గించే) సేవల సంఘాన్ని ప్రారంభించారు. క్లినిక్‌కు రాలేని రోగులే ఎక్కువని తెలిశాక, పొరుగువారినే సేవలో భాగం చేసే వ్యవస్థ 2001 ప్రాంతంలో మలప్పురం వంటి జిల్లాల్లో రూపుదిద్దుకుంది. టీచర్లు, దుకాణదారులు, గృహిణులు, విద్యార్థులు కొద్ది గంటల శిక్షణ తీసుకుని వారానికి కొంత సమయం ఇస్తారు. రోగి ఎలా ఉన్నాడో కనిపెట్టడం, కుటుంబానికి బియ్యమో పిల్లల ఫీజో కావలసి వస్తే చూడటం వారి పని. నర్సు, డాక్టర్ వైద్యం చూస్తారు. డబ్బు చాలావరకు చిన్న చిన్న స్థానిక విరాళాల నుంచి వచ్చేది. 2008లో రాష్ట్ర ప్రభుత్వం పాలియేటివ్ విధానాన్ని ప్రకటించి, స్థానిక సంస్థలను ఇందులోకి తెచ్చింది. పంచాయతీ నిధులతో నియమితురాలైన నర్సు ఆశా కార్యకర్తలతో కలిసి మంచాన పడినవారి ఇళ్లకు వెళ్లి పుండ్లు శుభ్రం చేస్తుంది, మూత్రపు గొట్టం మారుస్తుంది, ఇంటివారికి నేర్పుతుంది. క్యాన్సర్ రోగుల కోసం మొదలైన ఈ ఏర్పాటు క్రమంగా పక్షవాతం వచ్చినవారికి, ముదిమితో మంచాన పడినవారికి విస్తరించింది.

తమిళనాడు 2021 ఆగస్టులో ప్రారంభించిన ‘మక్కళై తేడి మరుత్తువం’ మరో దారి. స్వయంసహాయక బృందాల మహిళలు బీపీ, షుగర్ ఉన్నవారి ఇళ్లకే మందులు తెచ్చి ఇస్తారు. బ్లాకుకొక ఫిజియోథెరపిస్టు, పాలియేటివ్ నర్సు ఇళ్లకు తిరుగుతారు. నెదర్లాండ్స్‌లో నర్సు జోస్ ద బ్లాక్ 2006లో ప్రారంభించిన ‘బూర్ట్‌జోర్గ్’ సంస్థ, ఖర్చు తగ్గడానికి నర్సు జీతం తగ్గించనక్కరలేదని నిరూపించింది. పన్నెండు మందికి మించని నర్సుల బృందం ఒక పేటను చూసుకుంటుంది. పైన పర్యవేక్షకుల అంతస్తులు ఉండవు. ఒకే నర్సు స్నానం నుంచి ఇంజెక్షన్ దాకా చూస్తూ, వృద్ధులు తమ పని తాము చేసుకునేలా నేర్పుతుంది. గంటకు ఖర్చు ఎక్కువే. అవసరమయ్యే గంటలు తగ్గడం వల్ల మొత్తం ఖర్చు తగ్గింది.

తెలంగాణలో జిల్లా ఆసుపత్రుల పాలియేటివ్ కేంద్రాలు, వాటికి అనుబంధంగా ఇళ్లకు వెళ్లే ‘ఆలన’ వాహనాలు ఇదే తోవలో పడిన అడుగులు. కేరళతో పోలిస్తే ఇక్కడ లోపించింది నర్సు కంటే పొరుగువారి భాగస్వామ్యం. వాహనం ఎప్పుడో ఒకసారి వస్తుంది. మధ్య రోజుల్లో చూసే కార్యకర్త ఉంటేనే ఆ రాకకు పూర్తి ఫలం దక్కుతుంది.

కుటుంబానికి శిక్షణ, దాని హద్దులు

పెద్దలను ఎక్కువగా చూసేది ఇంటివారే కాబట్టి వారికి నేర్పడం సహజమైన ఆలోచన. పక్క ఎలా మార్చాలి, మంచం మీంచి కుర్చీలోకి ఎలా దించాలి, మింగడం కష్టమైనప్పుడు ఎలా తినిపించాలి, మతిమరుపుతో కోపం తెచ్చుకునే మనిషితో ఎలా మాట్లాడాలి. ఇవన్నీ నేర్చుకుంటే వచ్చే నైపుణ్యాలు. గోవాలో డిమెన్షియా ఉన్నవారి 81 కుటుంబాలతో జరిగి 2008లో ప్రచురితమైన అధ్యయనంలో, శిక్షణ పొందిన సాధారణ కార్యకర్తలు క్రమంగా ఇళ్లకు వెళ్లి సలహా, ఊరట ఇచ్చారు. సంరక్షకుల మానసిక బాధ తగ్గింది. జపాన్ 2005 నుంచి డిమెన్షియా మీద గంటన్నర శిక్షణను దుకాణదారులకు, బ్యాంకు ఉద్యోగులకు, బడిపిల్లలకు ఇస్తోంది. దారితప్పిన పెద్దాయనను గుర్తుపట్టి ఇంటికి చేర్చగల మనుషులు ఇలా కోటి మందికి పైగా తయారయ్యారు.

ఈ మార్గానికి ఉన్న హద్దును కూడా భారతీయ పరిశోధనే చూపింది. పక్షవాతం వచ్చిన 1,250 మంది రోగులతో దేశంలోని 14 ఆసుపత్రుల్లో జరిగిన ‘అటెండ్’ అధ్యయనం 2017లో ‘లాన్సెట్’ పత్రికలో వెలువడింది. ఫిజియోథెరపీని కుటుంబ సభ్యులకు నేర్పి ఇంట్లో వారితోనే చేయిస్తే ఫలితం మెరుగవుతుందా అన్నది అందులో ప్రశ్న. ఆరు నెలల తరవాత మరణాల్లో గానీ, ఇతరుల మీద ఆధారపడటంలో గానీ తేడా రాలేదు. కుటుంబానికి నేర్పడం నిపుణులకు బదులు కాదు. నిపుణులు వెనక ఉన్నప్పుడే అది పనిచేస్తుంది.

పగటి కేంద్రాలు

పిల్లలు పనికి వెళ్లే పగటి వేళ పెద్దలను ఒకచోట చూసుకుని సాయంత్రం ఇంటికి పంపే కేంద్రాలు ఇంటికీ ఆశ్రమానికీ సరిగ్గా మధ్యలో నిలుస్తాయి. రాత్రి సిబ్బంది అక్కరలేదు, పడక గదులు అక్కరలేదు, కొత్త భవనమూ అక్కరలేదు. ఇంట్లో చూసుకునే మనిషి ఉద్యోగం నిలుస్తుంది. పెద్దలకు తోటివారి సాంగత్యం, వేడి అన్నం, వ్యాయామం, మందుల పర్యవేక్షణ దక్కుతాయి.

శాన్‌ఫ్రాన్సిస్కోలోని చైనాటౌన్‌లో 1970ల ఆరంభంలో పుట్టిన ‘ఆన్ లాక్’ దీనికి పేరుపడ్డ ఉదాహరణ. అక్కడి చైనా, ఇటలీ, ఫిలిప్పీన్స్ వలస కుటుంబాలు పెద్దలను నర్సింగ్ హోమ్‌కు పంపడానికి ఇష్టపడలేదు. పగటి కేంద్రానికే డాక్టర్‌ను, నర్సును, వాహనాన్ని, ఇంటి సాయాన్ని జోడించి, మనిషికింత అని నెలకు స్థిరమైన మొత్తం తీసుకుని పూర్తి బాధ్యత వహించే పద్ధతి అక్కడ రూపొందింది. ‘పేస్’ పేరుతో 1997లో అది అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పథకాల్లో శాశ్వత భాగమైంది. జపాన్‌లోని తొయామాలో 1993లో ముగ్గురు నర్సులు ఒక మామూలు ఇంట్లో తెరిచిన కేంద్రం వృద్ధులను, చిన్నపిల్లలను, వైకల్యం ఉన్నవారిని ఒకే కప్పు కింద చూసింది. మూడు వర్గాలకు మూడు సంస్థలు కట్టే ఖర్చు తప్పింది. పిల్లల మధ్య పెద్దలు చురుకయ్యారు. ‘తొయామా పద్ధతి’గా ఇది జపాన్‌లో వ్యాపించింది.

తెలుగు గ్రామాల్లో ఇందుకు కావలసిన చోటు చాలాచోట్ల ఉంది: సామాజిక భవనాలు, గుడి మండపాలు. ఒక పూట భోజనం, ఒక ఆయా, వారానికొకసారి ఏఎన్ఎం రాక, నడవలేనివారిని తెచ్చే ఆటో ఉంటే కేంద్రం నడుస్తుంది. రవాణా లేని కేంద్రానికి నడవగలిగినవారే వస్తారు, అత్యవసరమైనవారు ఇంట్లోనే మిగిలిపోతారు. ఈ పద్ధతిలో జాగ్రత్త పడాల్సింది ఇక్కడే.

పరస్పర సాయం

మూడో, నాలుగో రకం పనులకు, అంటే బయటి పనులకు, తోడుకు, జీతపు మనిషి కంటే పొరుగువారే మేలు. దీన్ని వ్యవస్థగా మార్చిన దేశాల్లో వియత్నాం ముఖ్యమైనది. 2006 నుంచి అక్కడ విస్తరించిన ‘అంతర్తరాల స్వయంసహాయక క్లబ్బు’ల్లో ఒక్కోదానిలో 50 నుంచి 70 మంది సభ్యులుంటారు, ఎక్కువమంది వృద్ధులు, మిగిలినవారు వయసులో ఉన్నవారు. నెలనెలా సమావేశం, వ్యాయామం, ఆరోగ్య పరీక్షలు, చిన్న రుణాలు, మంచాన పడినవారి ఇళ్లకు వెళ్లే కార్యకర్తలు అన్నీ ఒకే క్లబ్బులో ఉంటాయి. రుణాల మీద వచ్చే వడ్డీలో కొంత క్లబ్బు ఖర్చులకు సరిపోవడం వల్ల బయటి నిధులు ఆగినా క్లబ్బు మూతపడదు. థాయ్‌లాండ్ పది లక్షలకు పైగా ఉన్న గ్రామ ఆరోగ్య కార్యకర్తల బలం మీద 2016 నుంచి ఊళ్లలోనే దీర్ఘకాల సంరక్షణను నిర్మిస్తోంది.

సమయపు బ్యాంకులు మరో రూపం. ఒసాకాలో తెరుకో మిజుషిమా 1973లోనే ఇలాంటి శ్రమ బ్యాంకును నెలకొల్పారు. గంట సాయం చేస్తే ఒక గంట జమ; తనకు అవసరమైనప్పుడు దాన్ని వాడుకోవచ్చు. 1990లలో జపాన్‌లో ప్రాచుర్యం పొందిన ‘ఫురెఆయి కిప్పు’ ఏర్పాట్లలో కొన్ని, సంపాదించిన గంటలను దూరాన ఉన్న తల్లిదండ్రులకు బదిలీ చేసుకునే వీలు కల్పించాయి. హైదరాబాద్‌లో పొరుగింటి ముసలమ్మను ఆసుపత్రికి తీసుకెళ్లిన మనిషి, శ్రీకాకుళంలోని తన తండ్రికి అదే సాయం పొందగలిగితే వలస కుటుంబాలకు అది ఎంతో అక్కరకొస్తుంది. ఇరవై ఏళ్ల తరవాత ఆ ఖాతాను గౌరవించే సంస్థ ఉంటుందా అన్న అనుమానమే ఈ పద్ధతికి పెద్ద అడ్డంకి. ప్రభుత్వమో బలమైన స్థానిక సంస్థో పూచీ పడనిదే అది పెరగదు.

పొదుపు సంఘాల అనుభవంలో తెలుగు రాష్ట్రాలు దేశానికే దారి చూపాయి. వృద్ధాప్యానికి కూడా ఆ బలాన్ని వాడే ప్రయత్నం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జరిగింది. 2009 నాటి ‘అభయహస్తం’ పథకంలో సంఘ సభ్యురాలు రోజుకొక రూపాయి, ప్రభుత్వం మరో రూపాయి జమ చేస్తే 60 ఏళ్ల తరవాత నెలనెలా పింఛను వచ్చేది. మొదటి రూపంలో ఆ పథకం నిలవలేదు. అయినా డబ్బుతో పాటు సేవనూ జమ చేసుకునే సంఘాలకు అవసరమైన పునాది, లెక్కలు రాసే అలవాటు, నెలవారీ సమావేశం, పరస్పర పూచీ ఊరూరా ఉన్నాయి. కేరళలో మహిళా స్వయంసహాయక బృందాల వ్యవస్థ కుటుంబశ్రీ తన సభ్యులకు వృద్ధుల సంరక్షణలో శిక్షణ ఇచ్చి ఉపాధి చూపుతోంది. వృద్ధుల కోసం పనిచేసే స్వచ్ఛంద సంస్థ హెల్పేజ్ ఇండియా వృద్ధులతోనే స్వయంసహాయక బృందాలు ఏర్పాటు చేసింది.

కలిసి నివసించడం

ఖర్చులో చోటు పద్దును తగ్గించే మార్గం ఇళ్లను పంచుకోవడం. నెదర్లాండ్స్‌లోని డెవెంటర్ పట్టణంలో హ్యుమానిటాస్ అనే వృద్ధుల నివాసం 2012 ప్రాంతంలో కొందరు విద్యార్థులకు అద్దె లేకుండా గదులిచ్చింది. బదులుగా వారు నెలకు 30 గంటలు పెద్దలతో గడపాలి. బ్రిటన్ తదితర దేశాల్లో ‘హోమ్‌షేర్’ పేరుతో ఒంటరి వృద్ధుల ఇళ్లలో యువత తక్కువ ఖర్చుకు ఉంటూ రాత్రి తోడు, చిన్న సాయం అందిస్తారు. ఇది తోడుకు పనికొస్తుంది. స్నానం చేయించే, మందులు ఇచ్చే బాధ్యత ఆ యువత మీద పెట్టకూడదు. హైదరాబాద్, విజయవాడ, విశాఖ, తిరుపతి వంటి చోట్ల ఒకపక్క పిల్లలు విదేశాల్లో ఉన్న పెద్దల ఇళ్లలో ఖాళీ గదులు, మరోపక్క హాస్టల్ వెతుక్కునే విద్యార్థులు ఉన్నారు. ఇరువైపులా విచారణ చేసి, రాతపూర్వక ఒప్పందం చేయించి, మధ్యమధ్య వచ్చి చూసే సంస్థ ఉంటేనే ఇది భద్రం.

2004 సునామీ తరవాత తమిళనాడులోని కడలూరులో హెల్పేజ్ ఇండియా నిర్మించిన తామరైక్కుళం వృద్ధుల గ్రామం దిక్కులేనివారి కోసం ఏర్పడింది. చిన్న ఇళ్ల సముదాయంలో సుమారు వంద మంది ఉంటారు. వంట, తోట, శుభ్రత, నిర్ణయాలలో పెద్దలే పాలుపంచుకుంటారు. పని చేయగలిగిన చేతులకు పని ఉండటం ఖర్చును, విసుగును రెండింటినీ తగ్గించింది. ఎవరూ లేనివారికి, తీవ్ర డిమెన్షియాతో ఇంట్లో భద్రత లేనివారికి ఆశ్రమం తప్పనిసరి. ప్రాణాంతక వ్యాధి చివరి దశలో హైదరాబాద్‌లోని స్పర్శ్ వంటి ఉచిత హాస్పిస్‌ల అవసరమూ ఎప్పటికీ ఉంటుంది.

పింఛను, బీమా, చట్టం

ఏ మార్గానికైనా ఎవరో ఒకరు డబ్బు కట్టాలి. జపాన్ 2000లో దీర్ఘకాల సంరక్షణ బీమాను తప్పనిసరి చేసింది. 40 దాటిన ప్రతివారూ చందా కడతారు. సగం నిధులు పన్నుల నుంచి వస్తాయి. అవసరాన్ని ఏడు స్థాయిలుగా లెక్కకట్టి సేవ అందిస్తారు; ఎక్కువమంది ఖర్చులో పదో వంతు మాత్రమే భరిస్తారు. భారతదేశంలో ఇలాంటి బీమా లేదు. 70 ఏళ్లు దాటిన అందరికీ ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షల రూపాయల ఆసుపత్రి వైద్యం 2024 అక్టోబరు నుంచి వర్తిస్తోంది. అది ఆసుపత్రిలో చేరితే ఉపయోగపడేది, ఇంట్లో నెలల తరబడి సాగే సేవకు కాదు.

సామాజిక పింఛన్లు ఈ లోటును కొంత పూడుస్తాయి. కేంద్రం ఇచ్చే వృద్ధాప్య పింఛను 60 నుంచి 79 ఏళ్ల వారికి నెలకు 200 రూపాయలు, 80 దాటితే 500. తెలంగాణ ఆసరా పింఛను 2019లో 2,016 రూపాయలకు, ఆంధ్రప్రదేశ్ ఎన్టీఆర్ భరోసా 2024లో 4,000కు పెరిగాయి. పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 15,000 ఇవ్వడం దేశంలో అరుదైన నిర్ణయం. ఇంట్లో సంరక్షణకు నేరుగా దారి చూపే ఏర్పాటు అది.

తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. పోషణ కోసం ట్రైబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. మంజూరు చేయగల గరిష్ఠ మొత్తం నెలకు 10,000 రూపాయలు. చూసుకుంటామన్న షరతు మీద ఆస్తి రాయించుకుని మాట తప్పితే 23వ సెక్షన్ కింద ఆ బదిలీ చెల్లదని ప్రకటించవచ్చు. షరతును దస్తావేజులో స్పష్టంగా రాయించుకోవడం వృద్ధులకు ఉత్తమ రక్షణ. సలహాకు, ఫిర్యాదుకు 14567 నంబరు ఉంది. 2021లో దేశమంతటికీ విస్తరించిన ఈ ఎల్డర్‌లైన్ మొదట 2017లో హైదరాబాద్‌లో ప్రారంభమైంది.

సేవ చేసే చేతులు

తక్కువ ఖర్చు పేరిట తరచు కోత పడేది సేవ చేసేవారి కూలిలోనే. ఆయాలు, అటెండెంట్లు ఎక్కువగా పేద కుటుంబాల మహిళలు. చాలామందికి శిక్షణ, సెలవు, బీమా ఉండవు. గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి కువైట్‌కు ఇంటిపనికి వెళ్లిన వేలాది మహిళలు అక్కడి వృద్ధులను చూస్తుంటే, వారి సొంత తల్లిదండ్రులు ఇక్కడ ఒంటరిగా ఉంటారు. ఊళ్లోనే గౌరవమైన జీతంతో ఈ పని దొరికితే రెండు కుటుంబాలు నిలుస్తాయి. ఒక అటెండెంట్‌ను ఒకే ఇంటికి పన్నెండు గంటలు కట్టిపడేసే బదులు, ఒకే వీధిలో నాలుగైదు ఇళ్లకు గంటల చొప్పున పంపితే ఇంటికయ్యే ఖర్చు తగ్గుతుంది, ఆమె ఆదాయం తగ్గదు. శిక్షణ, ధ్రువపత్రం, పోలీసు విచారణ, పర్యవేక్షించే నర్సు ఈ ఏర్పాటుకు అవసరమైన కనీస షరతులు. దారుణాలు, దొంగతనాలు జరిగే భయం ఇరువైపులా పోయేది వాటితోనే.

ఏ దశకు ఏది

ఒంట్లో సత్తువ ఉన్న దశలో కంటి, చెవి పరీక్షలు, ఇంటి మార్పులు, వృద్ధుల క్లబ్బులు చాలు. బయటి పనుల్లో ఇబ్బంది మొదలైనప్పుడు పరస్పర సాయం, ఇంటికే వచ్చే మందులు, పగటి కేంద్రం సరిపోతాయి. స్నానానికి, నడకకు సాయం కావలసినప్పుడు గంటల లెక్కన వచ్చే అటెండెంట్, శిక్షణ పొందిన కుటుంబం, నెలకోసారైనా నర్సు అవసరం. మంచాన పడ్డాక పాలియేటివ్ బృందం, గాలి పరుపు, సంరక్షణ పింఛను, ఇంటివారికి అప్పుడప్పుడు విరామం కావాలి. చూసేవారెవరూ లేనిచోట, తీవ్ర డిమెన్షియా, ఇంట్లో హింస ఉన్నచోట మంచి ఆశ్రమమే సరైనది. ఒక దశకు తగిన ఏర్పాటును మరో దశకు వాడితే ఫలితం ఉండదు. నడవగలిగిన మనిషిని ఆశ్రమంలో చేర్చడం డబ్బు దండగ. మంచాన పడ్డ మనిషిని పొరుగువారి దయకు వదలడం అన్యాయం.

తెలుగు రాష్ట్రాల్లో ఈ దశలన్నిటికీ కావలసిన ముక్కలు విడివిడిగా ఉన్నాయి. ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు, పొదుపు సంఘాలు, పాలియేటివ్ వాహనాలు, పింఛన్లు అందులో భాగమే. ఆంధ్రప్రదేశ్‌లో పింఛను ఇవ్వడానికి ప్రతి నెలా మొదట్లో ప్రభుత్వ సిబ్బంది వృద్ధుల గుమ్మం ముందుకే వెళ్తున్నారు. ఆ రాకలోనే నడక, చూపు, తిండి, ఒంటరితనం గురించి నాలుగు ప్రశ్నలు అడిగి, జవాబులను దగ్గరి ఆరోగ్య కేంద్రానికి చేరవేస్తే, ఎవరికి ఏ దశ మొదలైందో ముందే తెలుస్తుంది. ఆ సమాచారాన్ని అందుకుని ఇంటికి నర్సును పంపే బాధ్యత ఒక నిర్దిష్ట అధికారికి, దానికి తగిన నిధి పంచాయతీకి లేదా మున్సిపాలిటీకి ఇవ్వాలి. కేరళ అనుభవం చెప్పేది ఇదే: పేదరికం ఉన్నచోట కూడా మంచి సంరక్షణ సాధ్యమే, కాని దానికి స్థానిక ప్రభుత్వపు డబ్బు, పొరుగువారి సమయం, నిపుణుల చేయి ఒకేసారి కలవాలి. మూడింటిలో ఏది లేకపోయినా మిగిలిన భారం మళ్లీ ఇంటి ఆడవాళ్ల మీదే పడుతుంది.